చెప్పుల్లేని రోజున అరికాళ్లు కాలకుండా

పిల్లల పేదరికం నలుగురి దృష్టికీ రావాలని ఒక రోజంతా చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లు చాలాసార్లు మధ్యాహ్నానికే బొబ్బలతో కూలబడతారు. తప్పు దూరానిది కాదు, తారుది. ఎండలో అది గాలికన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది.

అడుగు పెట్టే ముందు చేతి వెనక వైపు నేలకు ఆనించి 5 లెక్కపెట్టండి. అంతసేపు ఆగలేకపోతే అక్కడ నడవద్దు. నీడో మట్టిదారో చూసుకోండి. వారం ముందు నుంచి రోజూ 10–15 నిమిషాలు వట్టికాళ్లతో నడిస్తే పాదాలు కాస్త అలవాటు పడతాయి. సంచిలో ఒక జత చెప్పులు, ముల్లు తీసే పట్టకారు, నాలుగు ప్లాస్టర్లు ఉండాలి. మరుగుదొడ్డికి మాత్రం చెప్పులు వేసుకునే వెళ్లండి. మలం కలిసిన తడి మట్టిలోనూ అంతే: కొంకిపురుగు (హుక్‌వార్మ్, పేగుల్లో చేరి రక్తం పీల్చే పురుగు) పిల్లలు అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి. (పేద పిల్లల్లో రక్తహీనతకు అదీ ఒక కారణం. ఎందుకిలా నడుస్తున్నారని అడిగినవాళ్లకు ముందు ఇది చెప్పండి.)

మేకు దిగితే సబ్బునీళ్లతో కడిగి, ధనుర్వాతం టీకా వేయించుకుని 5 ఏళ్లు దాటిందేమో చూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఈ జాగ్రత్తలేవీ పనిచేయవు, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. వాళ్లు చెప్పులు విప్పకుండా పక్కన నడవడమే మేలు.