నేపాల్ విశ్వాసుల సహవాసానికి వెళ్లే ముందు

విజయవాడ, వరంగల్ మీదుగా సాగే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గోరఖ్‌పూర్ చేరి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి నేపాల్ సంఘాలను దర్శించే పరిచర్య బృందాలు మన ప్రాంతం నుండి వెళ్తూనే ఉంటాయి. వీసా అక్కరలేదు, హిందీతో చాలాచోట్ల పని జరుగుతుంది. అందుచేత పరాయి దేశంలో ఉన్నామన్న సంగతే మనకు గుర్తుండదు.

నేపాల్ 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణం ఇతరులను మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టులో అమలులోకి వచ్చిన శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం అందుకు ఐదేళ్ల వరకు జైలు, 50,000 నేపాలీ రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. నేరం రుజువైన విదేశీయులను శిక్ష ముగిసిన ఏడు రోజులలో దేశం నుండి పంపివేస్తారు. మనం పది రోజులకు ఇంటికి వచ్చేస్తాం, కానీ మనకు అన్నం పెట్టినవాళ్లు అదే వీధిలో కాపురం ఉండాలి. 2021 జనాభా లెక్కల్లో అక్కడి క్రైస్తవులు 1.76 శాతం మాత్రమే. కాబట్టి ఏ పని చేసినా అది రేపు వాళ్ల మెడకు చుట్టుకుంటుందా అని ముందుగా ఆలోచించుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా ఫోను విషయంలో జాగ్రత్తపడాలి. ఒకసారి మా బృందంలోని తమ్ముడు ఒకరు ప్రార్థన జరుగుతుండగానే ఫొటో తీసి, ఊరి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టారు; సాయంత్రానికల్లా ఇంటి యజమాని వచ్చి, అద్దెకున్న ఆ సంఘకాపరిని గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నించాడు. అందువల్ల బాప్తిస్మాల దృశ్యాలు, విశ్వాసుల ముఖాలు, సాక్ష్యాలు వాళ్ల అనుమతి లేకుండా తీయకూడదు, అనుమతించినా ఊరి పేరుతో పెట్టకూడదు. వీధుల్లో కరపత్రాలు పంచవద్దు. డబ్బు, దుప్పట్లు, మందులు ఎవరి చేతికీ నేరుగా ఇవ్వవద్దు, ఎందుకంటే ప్రలోభం అన్న ఆరోపణ అక్కడే మొదలవుతుంది. ఇవ్వదలచినది సంఘ పెద్దలతో మాట్లాడి, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే ఇవ్వాలి.

ఇక సహవాసం సంగతి. అక్కడ వారపు సెలవు శనివారం కాబట్టి ఆరాధన కూడా సాధారణంగా ఆ రోజే జరుగుతుంది. ఆదివారం ప్రసంగానికి సిద్ధపడి వెళ్లి ఖాళీ గదిని చూసినవాళ్లూ ఉన్నారు. చెప్పులు బయట విడిచి, చేతులు జోడించి "జయ్ మసీహ" అంటే అదే వందనం. కూర్చునేది తరచుగా చాప మీదనే, స్త్రీలు ఒక వైపు, పురుషులు ఒక వైపు. భోజనంలో మనం ఎంగిలి అనేదాన్ని వాళ్లు "జూఠో" అంటారు. ఆ పట్టింపు మన పల్లెల్లో ఉన్నదే కాబట్టి ఇది ఎవరూ నేర్పనక్కరలేదు.

వాక్యం చెప్పేవారు పొట్టి వాక్యాలతో చెప్పాలి. తెలుగు నుండి హిందీకి, హిందీ నుండి నేపాలీకి మారేసరికి ఇరవై నిమిషాల ప్రసంగం గంట పడుతుంది, మన సామెతలు సగం దారిలోనే రాలిపోతాయి. ఇతరుల దేవుళ్లను విమర్శించే మాట ఒక్కటీ రాకూడదు. పలచటి గోడకు అవతల పొరుగింటివాళ్లు ఉంటారు. మైకు వద్దు, మన అలవాటు ప్రకారం బిగ్గరగా చేసే ప్రార్థన కూడా వద్దు.

ప్రయాణానికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంచుకోండి, ఆధార్ మీద ఆధారపడవద్దు. జూన్ నుండి సెప్టెంబరు వరకు కొండచరియలు విరిగిపడతాయి. 2024 జూలైలో చిత్వన్ జిల్లాలో రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. ఆ నెలల్లో రాత్రి బస్సు ఎక్కవద్దు, దారి మూసుకుపోతే ఆగడానికి రెండు రోజులు చేతిలో ఉంచుకోండి.