రక్షణ విధాన నివేదిక నలుగురూ కలిసి రాసేదెలా

ఢిల్లీలో రక్షణ విధానాల మీద వచ్చే నివేదికలు ఎడిట్ చేయడం నా పని. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకు ముందు 1999లో కార్గిల్ యుద్ధం తర్వాత ప్రభుత్వం వేసిన కార్గిల్ సమీక్షా సంఘం గురించి చెబుతాను. రక్షణ వ్యూహ నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం దానికి అధ్యక్షుడు. ఆయనతోపాటు ఒక విశ్రాంత లెఫ్టినెంట్ జనరల్, ఒక పాత్రికేయుడు, ఒక అధికారి. మీ టీమ్‌నూ అలా కలగలుపుగానే కట్టండి. అందరూ మాజీ సైనికులే అయితే డబ్బు లెక్క అడిగేవాళ్లుండరు.

అధ్యాయాలు పంచుకునేముందే అంకెలన్నీ ఒకే పట్టికలో పెట్టి, దాన్ని ఒక్కరికే అప్పగించండి. ప్రతి అంకె పక్కన అది బడ్జెట్ అంచనానా, సవరించిన అంచనానా, వాస్తవ ఖర్చా అన్నది రాయాలి. 2024-25 బడ్జెట్‌లో రక్షణ శాఖకు దాదాపు 6.22 లక్షల కోట్లు కేటాయించారు. అందులో పింఛన్లే 1.41 లక్షల కోట్లు. ఒకసారి మావాళ్లలో ఒకరు పింఛన్లు కలిపి, ఇంకొకరు తీసేసి శాతాలు కట్టారు. రాత్రి పదకొండింటికి, ప్రూఫ్ చూస్తుంటే నా కంటపడింది. ఆ టెన్షన్ మీకొద్దు.

అభిప్రాయభేదాలుంటే మెత్తటి మాటలతో కప్పెయ్యకండి, అసమ్మతిని విడిగా అచ్చేయండి. చివర్లో, రాతలో పాలుపంచుకోని మనిషితో ఒకసారి పైకి చదివించండి. తడబడిన చోటల్లా తిరగరాయాల్సిందే.