ఫ్లోరెన్స్‌లో ఒక్క రోజు ఉంటే

నెల్లూరు నుంచి ఇటలీకి వెళ్లేవారు ఫ్లోరెన్స్‌కు ఒక్క రోజే కేటాయించగలిగితే, ప్రధాన చర్చి గుమ్మటం ఎక్కేందుకు ఉదయం సమయాన్ని ముందుగానే రిజర్వు చేసుకోవాలి. లిఫ్టు లేదు, 463 మెట్లు ఎక్కాలి. పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురాన్ని తలెత్తి చూస్తూ పెరిగిన కళ్లకు, వాస్తుశిల్పి బ్రూనెలెస్కీ 1420లో మొదలుపెట్టి 1436 నాటికి, నేల నుంచి ఆధారపు చట్రం లేకుండానే నిలబెట్టిన ఈ కట్టడం మరో రకమైన ఆశ్చర్యాన్ని కలిగిస్తుంది. మెట్లదారి గుమ్మటం లోపలి, బయటి పొరల మధ్య ఇరుకుగా సాగుతుంది కాబట్టి, వీలైనచోట పక్కకు ఆగి ఇటుకలను దగ్గరగా చూడండి: అడ్డంగా పేర్చిన వాటి మధ్య నిలువుగా పెట్టిన ఇటుకలే, సున్నం గట్టిపడేలోపు కొత్త వరుస జారిపోకుండా పట్టి ఉంచాయి. నా దృష్టిలో ఆ గోడ కోసమే అంత దూరం వెళ్లవచ్చు. దిగాక ఎదురుగా ఉన్న బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే మందిరం) చూసుకుని, ఎండ వాలాక 1345 నాటి పోంటె వెక్కియో వంతెన మీదికి నడవండి.