సర్వర్ లేచింది, ఫైలు మాత్రం కదలట్లేదు: ఎక్కడ చూడాలి?

వాన పడింది, సెల్లార్ నిండింది, ప్రభుత్వ ఆఫీసును పక్క బిల్డింగుకి మార్చారు. విపత్తు వస్తే పని ఆగకుండా ఏం చేయాలో ప్లాన్ కూడా ఉంది, స్పైరల్ బైండింగ్ చేయించి బీరువాలో పెట్టారు. అయినా పని మొదలవ్వలేదు.

సమస్య: కరెంటు పోగానే అన్నీ ఆగిపోయాయి

జనరేటర్ సెల్లార్‌లో ఉంటే ఇంకో కారణం వెతకొద్దు. 2020 అక్టోబరు 13 వానకి హైదరాబాద్‌లో సెల్లార్ల గతి ఏమైందో చూశాక కూడా జనరేటర్, యూపీఎస్, ప్యానెల్ బోర్డు అక్కడే పెడుతున్నారు, ఏమనాలో తెలీదు. పైకి మార్చండి. నెలకోసారి లోడు మీద నడపండి, ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే అది టెస్టు కాదు.

సమస్య: బ్యాకప్ ఉందంటారు, డేటా రాదు

చివరిసారి రీస్టోర్ చేసి చూసిందెప్పుడని అడగండి, సెక్షన్ మొత్తం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బ్యాకప్ అయిందని మెయిల్ వస్తే చాలదండీ, పాత ఫైలొకటి తీసి వేరే మెషీన్‌లో తెరిచి చూడాలి. ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాలి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో దేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడితే, ఉద్యోగుల ఫైళ్లుండే జీ-డ్రైవ్‌కి బయట బ్యాకప్ లేక 858 టెరాబైట్లు పోయాయి.

సమస్య: అన్నీ పనిచేస్తున్నాయి, బిల్లు మాత్రం ట్రెజరీకి పోవట్లేదు

అసలు దొంగ ఇక్కడున్నాడు. లాగిన్ పేజీ వస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, అక్కడే ఆగుతుంది. నెట్‌వర్క్ వాళ్లు కేబుళ్లు మారుస్తారు, ఎవరో బ్రౌజర్ మార్చమంటారు, పూట గడిచిపోతుంది. తీరా చూస్తే ఓటీపీ ఎప్పుడో బదిలీ మీద ఆదిలాబాద్ వెళ్లిన సారు ఫోనుకి పోతుంటుంది. లేదా డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే, పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) పాత ఆఫీసులో, సారు టేబుల్ సొరుగులో, బీరువా తాళాల గుత్తికే దారంతో కట్టి ఉంటుంది. దాని ప్రైవేటు కీ టోకెన్ దాటి బయటికి రాదు కాబట్టి కాపీ తీసి దాచుకోవడం కుదరదు. వరసగా పిన్ తప్పు కొడితే అది కూడా లాక్. కొత్త సర్టిఫికెట్ తీసుకోవాలంటే మళ్లీ గుర్తింపు వెరిఫికేషన్, ఆ తర్వాత పోర్టల్‌లో మ్యాపింగ్ (ఆ టోకెన్‌ని అధికారి పేరుకి జోడించడం), ఈలోపు జీతాల బిల్లు గడువు దాటుతుంది.

తనిఖీ చాలా తేలిక, కానీ ఎవరూ చేయరు. డీడీవో గారిని (బిల్లుల మీద సంతకం పెట్టి డబ్బు డ్రా చేసే అధికారి) ఫోను ఆపేసి ఒక పూట పక్క గదిలో కూర్చోమనండి, టోకెన్ ఆయన దగ్గరే ఉండాలి. ఇప్పుడు ఒక బిల్లు పంపి చూడండి.

పరిష్కారం: ఇంకో అధికారికి సొంత టోకెన్ ఇప్పించి, ప్రొసీడింగ్స్‌తో (రాతపూర్వక ఉత్తర్వుతో) ముందే మ్యాప్ చేయించాలి. ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యతలు) ఆర్డరు వచ్చిన రోజే మ్యాపింగ్ మారాలి, ఓటీపీ నంబరు మారాకే పాత అధికారిని రిలీవ్ చేయాలి. టోకెన్ మీద పిన్ రాసిన స్లిప్పు అంటించి డీలింగ్ హ్యాండ్ (ఆ ఫైలు చూసే గుమస్తా) చేతిలో పెట్టడం మాత్రం వద్దు, ఐటీ చట్టం 2000 సెక్షన్ 42 ప్రకారం ఆ కీ వేరేవాళ్ల చేతికి పోకుండా చూసుకునే బాధ్యత సంతకం ఎవరిదో వాళ్లదే.

మిగతావి

రాన్సమ్‌వేర్ పడి ఫైళ్లు లాక్ అయితే ముందు నెట్ కేబుల్ పీకండి, 6 గంటల్లోపు సర్ట్-ఇన్‌కి (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్పండి. భూకంపం గురించి ప్లాన్‌లో ఎలాగూ నాలుగు పేజీలుంటాయి, ఉండనివ్వండి.