ఎర బాతును చెక్కే ముందు: ఇంటి పనిగదిలో పాటించవలసిన జాగ్రత్తలు

వేటగాళ్ళు ఆకాశంలో పోయే బాతులను నీటి మీదికి దింపడానికి వాడే డెకాయ్‌ను, అంటే కర్రతో చేసిన ఎర బాతును చెక్కడం ఉత్తర అమెరికాలో తరతరాలుగా వస్తున్న ఇంటి పని. ఎక్కువమంది దీన్ని చలికాలంలో, కిటికీలు మూసుకున్న చిన్న గదిలో, రాత్రి తీరిక దొరికినప్పుడు చేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవారు సాధారణంగా కత్తికి మాత్రమే భయపడతారు. కత్తి గాయం వెంటనే కనిపిస్తుంది, కట్టు కడితే మానుతుంది. పొడి, సీసం, నూనె గుడ్డ చేసే హాని మాత్రం చాలా ఆలస్యంగా బయటపడుతుంది. పనిగదిని సిద్ధం చేసుకునేటప్పుడు ఎక్కువ శ్రద్ధ ఈ మూడింటిపైనే పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

జాగ్రత్త దిమ్మెను ఎంచుకోవడంతోనే మొదలవుతుంది. బాస్‌వుడ్, టుపెలో, వైట్ సీడర్ వంటివి ఈ పనికి అలవాటైన మెత్తని కర్రలు. వెస్టర్న్ రెడ్ సీడర్ కూడా తేలికగా ఉండి చక్కగా తెగుతుంది గాని, అందులోని ప్లికాటిక్ ఆమ్లం కొందరిలో ఉబ్బసం తెప్పిస్తుంది. ఆ ఆయాసం చాలాసార్లు పని చేస్తున్నప్పుడు కాక కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి అర్ధరాత్రి దగ్గుగా మొదలవుతుంది కాబట్టి, దానికి కారణం సాయంత్రం చెక్కిన కర్ర అని మనిషికి తట్టదు. ఈ కర్రతో పనిచేసిన రోజుల్లోనే రాత్రిపూట దగ్గు వస్తున్నదని గమనిస్తే, వైద్యునికి ఏ కర్రతో పని చేస్తున్నారో పేరుతో సహా చెప్పండి, ఆ కర్రను పూర్తిగా మానేయండి. పాత స్తంభాలు, పడవల రేవుల నుంచి తీసిన దూలాలు ఉచితంగా దొరికినా వాటి జోలికి పోకండి. చెదలు పట్టకుండా వాటికి క్రియోసోట్‌గాని, ఆర్సెనిక్ కలిసిన రసాయనంగాని ఎక్కించి ఉండవచ్చు. అమెరికాలో ఇళ్ళ అవసరాలకు అమ్మే కర్రలో ఆర్సెనిక్ రసాయనం వాడకం 2003 చివరితో చాలావరకు ఆగిపోయింది గాని, అంతకుముందరి కర్ర ఇంకా బయట తిరుగుతూనే ఉంది.

బ్యాండ్ రంపం, అంటే పళ్ళున్న పట్టీ ఆగకుండా చుట్టూ తిరిగే యంత్రపు రంపం మీద బాతు ఆకారాన్ని కోసేటప్పుడు జరిగే ప్రమాదానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ముందు పక్క నుంచి కనిపించే ఆకారం కోస్తాం; దాంతో దిమ్మె అడుగు భాగం చదును పోతుంది. ఆపైన పై నుంచి కనిపించే ఆకారం కోయబోతే, కింద ఆనిక లేని దిమ్మె రంపపు పళ్ళకు చిక్కి గిర్రున తిరుగుతుంది, దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా దానితో పాటే పోతుంది. అందుకే మొదటిసారి కోసి తీసిన ముక్కలను పారేయకుండా, వాటిని తిరిగి యథాస్థానంలో టేపుతో బిగించి, దిమ్మె మళ్ళీ బల్లపై చదునుగా కూర్చున్నాకనే రెండో కోత మొదలుపెట్టాలి. రంపపు కవచాన్ని కర్రకు కాస్త పైన ఉండేంతవరకు దించుకోవాలి, వేళ్ళు ఎన్నడూ కోత గీతకు ఎదురుగా ఉండకూడదు.

కత్తి పని దగ్గర నేను నేర్చుకున్నది ఒక మచ్చ ద్వారా. బాతు ముక్కు అంచును సన్నం చేస్తూ, కర్ర నార ఎటు పోతున్నదో చూడకుండా బొటనవేలి వైపు లాగాను. కత్తి కొంతదూరం మెల్లగా వచ్చి, నార తిరిగిన చోట ఒక్కసారి ఆగింది. ఇంకాస్త బలం పెట్టగానే ముక్కు కొస విరిగింది, కత్తి ఎడమ బొటనవేలి కండలో దిగింది. కత్తి మొండిది కావడం వల్లనే అంత బలం పెట్టవలసి వచ్చింది. పదునైన కత్తి తక్కువ ఒత్తిడితో కోసి, చేతి అదుపులో ఉంటుంది కనుక, ప్రతి అరగంటకు ఒకసారి తోలుపట్టీ మీద నాలుగు సార్లు రుద్దుకోవడం అలవాటు చేసుకోవాలి. బాతు తలను పట్టుకున్న చేతికి కోత తట్టుకునే చేతి తొడుగు, కత్తి పట్టిన చేతి బొటనవేలికి తోలు కవచం వేసుకోవాలి. కర్రను ఒడిలో పెట్టుకుని తొడ వైపుకు కోయకండి. తొడ లోపలి రక్తనాళం తెగితే పరిస్థితి నిమిషాల్లో చేయి దాటిపోతుంది.

విద్యుత్తుతో తిరిగే చిన్న చెక్కుడు పరికరాల విషయంలో అదే తొడుగు ప్రమాదకారి అవుతుంది. చేతిలో ఇమిడే కొన్ని పరికరాలు నిమిషానికి 30,000కు పైగా చుట్లు తిరుగుతాయి, వాటి కొసన తిరుగుతూ కర్రను గీకే ముళ్ళ బిళ్ళకు అల్లిక తొడుగు దారం తగిలితే వేలిని కూడా లాగుతుంది. వదులు చేతుల చొక్కా, మెడలో గొలుసు, విరబోసుకున్న జుట్టు ఏవీ పనికిరావు. ఒడిలో గుడ్డకు బదులు మందపాటి తోలు కప్పుకోండి. కళ్ళకు పక్కలు మూసిన రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి.

ఇక పొడి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రచురించిన గ్రంథంలో కర్ర పొడిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముఖ్యంగా ముక్కు లోపలి కుహరాలకు వచ్చే క్యాన్సర్‌తో దానికి సంబంధం కనిపించింది. కత్తితో చెక్కితే రాలే పెళ్ళలు నేలమీద పడతాయి, వాటితో పెద్ద బాధ లేదు. తిరిగే బిళ్ళ, గరుకు కాగితం లేపే సన్నని దుమ్ము మాత్రం కంటికి కనిపించకుండా గాలిలో గంటలకొద్దీ తేలుతుంది. పని ముగిసిన తరువాత చీకటి గదిలో టార్చి వేసి ఆ వెలుగు దారిలోకి చూడండి, ఎంత తేలుతున్నదో అర్థమవుతుంది. పరికరం ఆపగానే మాస్కు తీసేయడం అందరూ చేసే పొరపాటు. దుమ్మును పుట్టిన చోటనే లాగేసే గొట్టాన్ని చేతికి జానెడు దూరంలో అమర్చుకోవడం మొదటి మెట్టు, మాస్కు రెండవది. మాస్కు కనీసం ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 స్థాయిది ఉండాలి. గడ్డం ఉన్నవారికి అంచుల నుంచి గాలి దూరుతుంది కాబట్టి అది సగం పని కూడా చేయదు. చీపురుతో ఊడ్చడం, చొక్కాను గాలి గొట్టంతో దులపడం మాని, సన్నని దుమ్మును ఆపే వడపోత ఉన్న వ్యాక్యూమ్‌తో తీసి, ఆ బట్టలను పనిగదిలోనే విప్పి ఇంట్లోకి వెళ్ళండి. వేడి పెన్నుతో ఈకల గీతలు కాల్చేటప్పుడు పొగ ముఖం మీదికి రాకుండా ఒక చిన్న పంకా దాన్ని పక్కకు లాగేలా పెట్టుకోవాలి, రంగు లేదా వార్నిష్ పూసిన చోట కాల్చకూడదు.

బాతు నీటిలో బోర్లా పడకుండా అడుగున బరువు పెట్టాలి, పాతకాలం నుంచీ ఆ బరువు సీసమే. 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర సీసం కరుగుతుంది, ఇంటి పొయ్యి మీదనే కరిగించవచ్చుననే ఆలోచన అక్కడి నుంచే వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. కరిగిన సీసంలో ఒక్క తడి బొట్టు పడినా అది క్షణంలో ఆవిరై, సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. సీసం మరీ వేడెక్కితే వచ్చే పొగ, తరువాత బల్లమీద మిగిలే బూడిద పిల్లల శరీరంలోకి చేరితే, అది ఇంత వరకు హాని చేయదని చెప్పదగిన స్థాయి ఏదీ తెలియదు. బాతుల మీద పేల్చే సీసపు గుళ్ళను అమెరికా 1991 నుంచి దేశమంతటా నిషేధించింది, అవి ఆ పక్షులనే విషపూరితం చేశాయి గనుక. అలాంటి లోహాన్ని వంటింట్లో కరిగించే అవసరం ఏముంది? తయారుగా దొరికే బరువును, వీలైతే ఉక్కుదాన్ని, మరతో బిగించుకోండి. సీసమే వాడితే చేతులు సబ్బుతో కడుక్కున్నాకనే ఏదైనా తినండి. పాత డెకాయ్‌ను బాగుచేయబోయేవారు దాని రంగును ఎన్నడూ పొడిగా గీకకూడదు. అమెరికాలో ఇళ్ళకు వాడే సీసపు రంగులను 1978లో నిషేధించారు, అంతకు పూర్వపు బాతు మీద ఆ రంగు ఉన్నదనే అనుకుని పరీక్ష చేయించాలి.

రంగులు వేసే దశలో, రంగును పలచబరిచే ద్రావకాల ఆవిరిని దుమ్ము మాస్కు ఆపలేదని గుర్తుంచుకోవాలి, దానికి ఆవిరిని పీల్చుకునే బొగ్గు వడపోత వేరుగా కావాలి లేదా నీటితో కలిపే యాక్రిలిక్ రంగులు వాడుకోవాలి. నూనె రంగులు, అవిసె నూనె వాడేవారు తుడిచిన గుడ్డను ముద్దగా చుట్టి బుట్టలో వేయకూడదు. అవిసె నూనె గాలితో కలిసి ఎండుతూ వేడి పుట్టిస్తుంది, ముద్దలో ఆ వేడికి పోవడానికి దారి లేక గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. పక్కనే సన్నని పొట్టు ఉంటే మంట నిమిషాల్లో గదంతా పాకుతుంది. ఇది పని ఆపి నిద్రపోయిన తరువాత జరిగే ప్రమాదం. కాబట్టి గది తలుపు వేయబోయే ముందు చివరి పనిగా గుడ్డలను లెక్కపెట్టి, ఆరుబయట ఒక్కొక్కటిగా విప్పి ఆరవేయండి, లేదా నీళ్ళు నింపిన మూత ఉన్న లోహపు డబ్బాలో ముంచి ఉంచండి.