మైనస్ 80లో లాగర్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

హైదరాబాద్‌లో మైనస్ డిగ్రీలతో మనకేం పని అనిపిస్తుంది. కానీ శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ల్యాబుల్లో మైనస్ 80 ఫ్రీజర్లు మే నెలలోనూ నడుస్తూనే ఉంటాయి. అలాంటి ఫ్రీజర్ కోసం ఒక టెంపరేచర్ లాగర్ (ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు నమోదు చేసే పరికరం) కట్టి, థర్మోకోల్ డబ్బాలో డ్రై ఐస్ (మైనస్ 78.5) వేసి పరీక్షించాను. దాన్ని నడిపే చిప్ ఏట్‌మెగా328పీ అనే మైక్రోకంట్రోలర్. డేటాషీట్ మైనస్ 40 దాకానే హామీ ఇస్తుంది, ఆ కింద నడిస్తే మన అదృష్టం. అయినా ముందు చేతులెత్తేసింది చిప్ కాదు, దాని ఇరుగుపొరుగు.

సమస్య: ఊరికే రీసెట్ అవుతోంది

బల్ల మీద రోజంతా బాగానే నడిచింది. డబ్బాలో పెట్టిన పావుగంటకు, రేడియో మాడ్యూల్ డేటా పంపబోయిన ప్రతిసారీ ఎల్‌ఈడీ మూడుసార్లు మినుకుమంటోంది. నా కోడ్‌లో అది బూట్ అయిందనడానికి గుర్తు. తప్పు కోడ్‌లోనే ఉందనుకుని రెండు రాత్రులు తగలేశాను.

కారణం: కరెంటును కాస్త నిల్వ ఉంచి అవసరానికి అందించే అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. లోపలి ద్రవం చలికి చిక్కబడి అంతర్గత నిరోధం బాగా పెరుగుతుంది. రేడియో ఒక్కసారిగా కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోతుంది, వోల్టేజీ తగ్గితే పసిగట్టే బ్రౌన్-అవుట్ డిటెక్టర్ చిప్‌ను రీసెట్ చేస్తుంది.

పరిష్కారం: దాని పక్కనే ఒక టాంటలమ్ కెపాసిటర్ అతికించి చూడండి. రీసెట్లు ఆగాయంటే దొంగ దొరికినట్టే, పాతది పీకేయండి. చిన్న విలువల కెపాసిటర్లకు సిరామిక్ వాడొచ్చు. కోఠీ గుజరాతీ గల్లీలో "సిరామిక్ ఇవ్వన్నా" అంటే చాలదు, చలికి విలువ పెద్దగా మారని ఎక్స్7ఆర్ గానీ సీ0జీ గానీ రకం అని అడగాలి. వై5వీ రకం మైనస్ 30కే తన విలువలో 82 శాతం దాకా పోగొట్టుకోవచ్చు.

సమస్య: సీరియల్ మానిటర్‌లో పిచ్చి అక్షరాలు

చిప్ తన లోపలి గడియారం (ఆర్‌సీ ఆసిలేటర్) మీద నడుస్తుంటే చలికి దాని వేగం మారుతుంది. బాడ్‌రేటులో (కంప్యూటర్‌కు డేటా పంపే వేగంలో) తేడా నాలుగైదు శాతం దాటితే అక్షరాలు చెడతాయి. బయట క్వార్ట్జ్ క్రిస్టల్ పెట్టండి, గొడవ వదిలిపోతుంది.

సమస్య: సెన్సర్ అంకెలు నమ్మేలా లేవు

డీఎస్18బీ20 అనే మామూలు డిజిటల్ సెన్సర్ పరిధి మైనస్ 55 దాకానే. చలికి నిరోధం తగ్గే ప్లాటినం సెన్సర్ పీటీ100కి మారండి. సున్నా దగ్గర 100 ఓములు, మైనస్ 80 దగ్గర దాదాపు 68.

సమస్య: బ్యాటరీ చచ్చిపోతోంది

లిథియం అయాన్ ఈ చలికి పనికిరాదు, సున్నా కింద చార్జ్ అసలే చేయకండి. ఫ్రీజర్ వెనక పోర్టు (వైరు దూర్చే రంధ్రం) ఉంటే అన్నిటికన్నా తేలిక దారి బ్యాటరీ, బోర్డు బయటే ఉంచి సెన్సర్ వైరు మాత్రమే లోపలికి పంపడం. నేను ముందే ఇలా చేసుంటే పైన చెప్పిన తిప్పల్లో సగం ఉండేవే కావు.

సమస్య: చలిలో బాగుంది, బయటికి తీశాక పోయింది

మన జులై గాలిలో తేమ తెలిసిందే. తీసిన నిమిషానికి బోర్డు మీద తెల్లగా మంచు పట్టింది, కాసేపటికి అదే నీరై పిన్నుల మధ్యకు జారింది. ముందు కరెంటు తీసేయండి. లోపల పెట్టేముందే బోర్డును సిలికా జెల్‌తో జిప్ కవర్‌లో మూసేసి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ తెరవకండి. చెమట కవర్‌కే పడుతుంది.

డ్రై ఐస్ ఉన్న డబ్బాకు మాత్రం మూత బిగించొద్దు, గ్యాస్ పోయే దారి లేకపోతే పగులుతుంది. గది కిటికీలు కూడా తెరిచే ఉంచండి.