అరకు వాలులో కంకర దారి వానకు నిలిచింది: నా అనుభవం

గట్టి వాన పడితే చాలు, ఇంటి దారి కంకరంతా కిందికి కొట్టుకుపోయి మధ్యలో గాడి పడేది. ఎర్రమట్టి, ఏటి గులకరాళ్లు, మళ్లీ మళ్లీ కంకర... ఏదీ ఆగలేదు.

పనిచేసింది ఇది. ముందు ఎగువ పక్కన కాలువ తవ్వి, కొండ నీరు దారి ఎక్కకుండా మళ్లించాం. అసలు కీలకం అదే. తర్వాత నేలను మధ్యలో కాస్త ఎత్తుగా చదును చేసి జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి, మట్టీ కంకరా కలిసిపోకుండా ఆపే గుడ్డ) పరిచాం. దానిమీద 40 ఎంఎం కంకర పోసి రోలరు తిప్పించాం. ఆపైన 20 ఎంఎం కంకరలో క్రషర్ డస్ట్ (రాయిని పగలగొట్టినప్పుడు వచ్చే రాతిపొడి) కలిపి, నీళ్లు చల్లి మళ్లీ రోలరు. క్రషర్‌లో పగిలిన, అంచులున్న రాయే తెప్పించండి. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, గుండ్రటివి జారిపోతాయి. టిప్పరు పైకి ఎక్కదు కాబట్టి లోడు కిందే దింపించి ట్రాక్టరుతో చేరవేశాం.

ఈ ఏడాది వానలకు కదల్లేదు. మాది ఓ మాదిరి వాలే. బాగా నిటారుగా ఉన్నచోట ఇది ఆగుతుందని చెప్పలేను, అక్కడ కాంక్రీటే మేలేమో.